పెన్‌డ్రైవ్‌ ‘ఫార్మాట్‌ చేయమంటారా?’ అంటే.. ఆగండి!

బీటెక్‌ ఫైనలియర్‌. తెల్లారితే ప్రాజెక్టు వైవా. రిపోర్టు, పీపీటీ, కోడ్‌.. అన్నీ ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే. ల్యాప్‌టాప్‌కి పెట్టగానే ‘వాడాలంటే ఫార్మాట్‌ చేయాలి’ అంది. కంగారులో ఓకే నొక్కేశా. ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్‌తో దొరికిన ఫైళ్లను మళ్లీ అదే డ్రైవ్‌లో సేవ్‌ చేశా. అవి మిగతావాటి మీద పడి కూర్చున్నాయి. చివరికి రిపోర్టు తెరుచుకోనేలేదు. నా ఫైళ్లను పోగొట్టింది పెన్‌డ్రైవ్‌ కంటే నా తొందరే! మీరు ఆ తప్పు చేయొద్దు.

ముందు చేయకూడనివి

ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక పాడైనా విండోస్‌ ఫార్మాట్‌ అడుగుతుంది. విషయసూచిక చిరిగినంత మాత్రాన పుస్తకంలో పాఠాలు పోవు కదా! కాబట్టి ఫార్మాట్‌ వద్దు. కొత్తగా ఏదీ కాపీ చేయొద్దు. చెక్‌డిస్క్‌ కూడా నడపొద్దు. అది రిపేరు పేరుతో డ్రైవ్‌లోనే మార్పులు చేస్తుంది. ఇంకో పోర్టులోనో, ఇంకో కంప్యూటర్‌లోనో పెట్టి చూడండి. తెరుచుకుంటే ముఖ్యమైన ఫైళ్లు ముందు తీసేసుకోండి.

మొత్తం కాపీ తీయండి

తెరుచుకోకపోతే లైనక్స్‌లో ‘డీడీరెస్క్యూ’ వాడండి. ఉచితమే. ముందు బాగున్న భాగాలు చదివేసి, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది. మ్యాప్‌ ఫైల్‌ ఇస్తే, మధ్యలో ఆగినా ఆపిన చోటి నుంచే మొదలెడుతుంది. 16 జీబీ డ్రైవ్‌కి కంప్యూటర్‌లో 16 జీబీకి పైగా ఖాళీ ఉండాలి. ఏ డ్రైవ్‌ నుంచి, ఎక్కడికి అన్నది రెండుసార్లు సరిచూసుకోండి. తారుమారైతే అసలుకే మోసం.

వెతుకులాట కాపీలోనే

ఇక పెన్‌డ్రైవ్‌ తీసి పక్కన పెట్టేయండి. ‘టెస్ట్‌డిస్క్‌’, ‘ఫొటోరెక్‌’ రెండూ ఉచితం. పోయిన పార్టిషన్‌ను టెస్ట్‌డిస్క్‌ వెతుకుతుంది. ఫొటోరెక్‌ ఫైలు లోపలి గుర్తులను బట్టి ఫొటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్‌ ఫైళ్లు పట్టుకుంటుంది. పాత పేర్లు మాత్రం సాధారణంగా రావు. ఓపిగ్గా ఒక్కోటీ తెరిచి చూసుకోవాల్సిందే.

ఎక్కడ పెట్టినా డ్రైవ్‌ కనిపించకపోయినా, సైజు సున్నా చూపించినా లోపం చిప్‌లోనో, కనెక్టర్‌లోనో ఉండొచ్చు. అప్పుడు సాఫ్ట్‌వేర్లతో కుస్తీ వద్దు. డేటా రికవరీ నిపుణులకు ఇవ్వండి. ఖర్చెంతో ముందే అడగండి.

ఇంటర్వ్యూకి ముందు..

రెజ్యూమె, ప్రాజెక్టు ఫైళ్లు మూడు చోట్ల ఉంచండి.. ల్యాప్‌టాప్‌లో, పెన్‌డ్రైవ్‌లో, క్లౌడ్‌లో. మీ బోర్డు, యూనివర్సిటీ ఇస్తుంటే సర్టిఫికెట్లు డిజిలాకర్‌లోకి తెచ్చుకోండి. అలా జారీ అయినవి ఐటీ నిబంధనల ప్రకారం ఒరిజినల్స్‌తో సమానం. మీరే స్కాన్‌ చేసి పెట్టుకున్నవాటికి ఆ గుర్తింపు ఉండదు. ఈ పనంతా ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ఇవాళే కూర్చోండి.