క్లౌడ్ సర్వర్లకు పబ్లిక్ ఐపీ చిరునామా: అవసరం మేరకు కేటాయింపు, స్థిరమైన సేవలకు పునాది

తణుకు: పశ్చిమ గోదావరి జిల్లాలో 2002వ సంవత్సరంలో స్వయం సహాయక సంఘాల మహిళల నిర్వహణలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు ప్రారంభమైన నాటి నుండి కంప్యూటరు ద్వారా సేవలు పొందడం ఈ ప్రాంత ప్రజలకు సుపరిచితమైన విషయమే. అనంతరం 2011 నవంబరులో మీసేవ ప్రారంభం కాగా, 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఏలూరు ప్రత్యేక జిల్లాగా ఏర్పడగా, తణుకు, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలోనే కొనసాగుతున్నవి. జిల్లాల సరిహద్దులు మారినప్పటికీ ఈ ప్రాంతంలోని వ్యవసాయ, ఆక్వా, వాణిజ్య రంగాలన్నీ ఇంటర్నెట్‌పై ఆధారపడడం ఏటేటా పెరుగుతూనే ఉన్నది.

గతంలో కార్యాలయంలోని గదిలోనే ఉంచుకొన్న సర్వరు స్థానంలో నేడు క్లౌడ్ సర్వర్లు వచ్చాయి. ముంబయిలోనో, హైదరాబాదులోనో ఉన్న డేటా కేంద్రంలో కొంత భాగాన్ని అద్దెకు తీసుకొని, తణుకు నుండే దానిని నిర్వహించుకొనే వెసులుబాటు లభించింది. అయితే సర్వరు పని చేస్తున్నంత మాత్రాన చాలదు, అది వెలుపలి వారికి అందుబాటులో ఉండాలి. అందుకు కీలకమైనది పబ్లిక్ ఐపీ చిరునామా.

చెరువు గట్టు నుండి సర్వరు వరకు

కొల్లేరు పరిసరాలలోని చేపల, రొయ్యల చెరువులలో నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు పగటి వేళ పెరిగి, రాత్రి వేళ తగ్గుతూ, తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ సమయంలో ఏరియేటర్లు తిరగకపోతే పంట మొత్తం నష్టపోయే ప్రమాదం ఉన్నది. ప్రాణవాయువును కొలిచే పరికరాన్ని చెరువులో అమర్చి, మొబైల్ సిమ్ ద్వారా కొలతలను సర్వరుకు పంపి, స్థాయి పడిపోగానే రైతు ఫోనుకు హెచ్చరిక చేరవేసే విధానం ఇందుకు ఒక పరిష్కారం.

ఇటువంటి సేవను తణుకులోని ఒక చిన్న సంస్థ నిర్వహిస్తున్నదని అనుకొన్నట్లయితే, పబ్లిక్ చిరునామా ప్రాధాన్యం సులభంగా అర్థమవుతుంది. మొబైల్ నెట్‌వర్కులో సాధారణంగా అనేక మంది చందాదారులు ఒకే పబ్లిక్ ఐపీవీ4 చిరునామాను పంచుకొంటారు. అందువలన చెరువులోని పరికరం బయటకు సమాచారం పంపగలదు గాని, బయటి వారు నేరుగా దానిని చేరలేరు. కనుక రెండు కొసలలో ఒకటైనా అందరికీ తెలిసిన, మారని చోటులో ఉండవలసినదే. ఆ బాధ్యత సర్వరుదే అవుతుంది. సర్వరు చిరునామా రాత్రికి రాత్రి మారిపోతే కొలతలు చేరవు, హెచ్చరిక మోగదు. ఆ సంగతి తెల్లవారిన తరువాత చెరువు గట్టు మీద మాత్రమే తెలుస్తుంది.

రెండు రకాల చిరునామాలు

క్లౌడ్‌లో కొత్తగా సృష్టించిన ప్రతి సర్వరుకు తొలుత ఒక ప్రైవేటు చిరునామా లభిస్తుంది. 10తో మొదలయ్యేవి, 172.16 నుండి 172.31 వరకు గలవి, 192.168తో మొదలయ్యేవి సాధారణంగా ఈ కోవకు చెందినవి. 1996లో ఖరారైన నిబంధన మేరకు వీటిని ఎవరైనా తమ అంతర్గత నెట్‌వర్కులో వాడుకొనవచ్చును. కాని ఇంటర్నెట్‌లో ఇవి చెల్లవు.

పబ్లిక్ చిరునామా ప్రపంచం మొత్తంలో ఒక్కటే ఉంటుంది. ప్రముఖ క్లౌడ్ సంస్థలలో ఈ చిరునామా సర్వరు లోపల కనిపించదు. సంస్థ ముఖద్వారం వద్దనే పబ్లిక్ చిరునామాకు వచ్చిన సమాచారం ప్రైవేటు చిరునామాకు మళ్లించబడుతుంది. ఈ కారణంగానే ఒక సర్వరు చెడిపోయినపుడు అదే పబ్లిక్ చిరునామాను మరో సర్వరుకు కొద్ది సేపటిలో మార్చుకొనవచ్చును.

పరిమితమైన వనరు

ఐపీవీ4 విధానంలో సాధ్యమయ్యే చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచవ్యాప్త నిల్వను పర్యవేక్షించే ఐయానా సంస్థ 2011 ఫిబ్రవరి 3న తన వద్ద మిగిలిన చివరి ఐదు భారీ విభాగాలను ప్రాంతీయ సంస్థలకు పంచివేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంతీయ సంస్థ ఏపీనిక్ చివరి విభాగానికి చేరుకొని పరిమిత కేటాయింపులు మొదలుపెట్టింది. మన దేశంలో 2012 నుండి నిక్సీ ఆధ్వర్యంలోని ఇరిన్ ఈ కేటాయింపులను పర్యవేక్షిస్తున్నది.

ఈ కొరత ప్రభావం వినియోగదారుని బిల్లులోనూ కనిపిస్తున్నది. అమెజాన్ క్లౌడ్ సంస్థ 2024 ఫిబ్రవరి 1 నుండి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు గంటకు 0.005 డాలరు చొప్పున వసూలు చేస్తున్నది. 30 రోజుల నెలకు ఇది 3.60 డాలర్లు. వాడకుండా అట్టిపెట్టుకొన్న చిరునామాకు కూడా ఈ రుసుము వర్తిస్తుంది.

కేటాయింపు విధానం

పబ్లిక్ చిరునామాలు తాత్కాలికం, రిజర్వు చేసినవి అని రెండు విధాలు. తాత్కాలిక చిరునామా సర్వరును ఆపి తిరిగి ప్రారంభించినపుడు సాధారణంగా మారిపోతుంది. ప్రయోగాలకు ఇది సరిపోతుంది. ప్రజలు, రైతులు ఆధారపడే సేవకు మాత్రం రిజర్వు చేసిన చిరునామానే తీసుకొనవలెను.

కేటాయింపు క్రమం ఈ విధంగా ఉంటుంది.

1. సర్వరు ఉన్న ప్రాంతీయ కేంద్రంలోనే చిరునామాను రిజర్వు చేయడం.

2. దానిని సర్వరు నెట్‌వర్కు ఇంటర్‌ఫేస్‌కు అనుసంధానించడం.

3. ఆ నెట్‌వర్కు నుండి ఇంటర్నెట్ గేట్‌వేకు మార్గం ఏర్పరచడం. చేనుకు పంట బోదె తవ్వినా కాలువ తూముతో కలపనిదే నీరు పారదు. మార్గం లేని చిరునామా కూడా అటువంటిదే.

4. ఫైర్‌వాల్‌లో అవసరమైన పోర్టులను మాత్రమే తెరవడం. వెబ్ సేవకు 443 చాలు. నిర్వహణకు వాడే 22ను సంస్థకు తెలిసిన చిరునామాల నుండి మాత్రమే అనుమతించవలెను.

5. డొమైన్ పేరును కొత్త చిరునామాకు జతపరచడం. చెరువులోని పరికరాలలో అంకెలకు బదులు ఈ పేరునే నమోదు చేస్తే, భవిష్యత్తులో చిరునామా మార్చవలసి వచ్చినా ప్రతి గట్టుకూ తిరగవలసిన పని ఉండదు.

చిరునామాను వదులుకొనే ముందు డొమైన్ నమోదును తొలగించడం తప్పనిసరి. లేనియెడల పాత చిరునామా మరొకరికి కేటాయించబడినపుడు, సంస్థ పేరు మీద వచ్చే సమాచారం అపరిచితుని సర్వరుకు చేరే ప్రమాదం ఉన్నది.

అన్ని సర్వర్లకు అవసరం లేదు

పైన పేర్కొన్న సేవకు మూడు సర్వర్లు ఉన్నాయనుకొంటే, కొలతలను స్వీకరించేది ఒకటి, వాటిని భద్రపరచే డేటాబేస్ ఒకటి, హెచ్చరికలు సిద్ధం చేసేది మరొకటి. వీటిలో వెలుపలి వారు పలకరించవలసినది మొదటిది మాత్రమే. మిగిలిన రెండూ ప్రైవేటు చిరునామాలతోనే దానితో మాట్లాడుకొనగలవు. సాఫ్ట్‌వేర్ నవీకరణల కోసం, హెచ్చరికలు పంపడం కోసం అవి బయటకు వెళ్లవలసి వస్తే నాట్ గేట్‌వే ద్వారా వెళ్లవచ్చును. ఈ గేట్‌వే బయటకు దారి ఇస్తుంది గాని, బయటి నుండి ఎవరూ తమంతట తాముగా లోపలికి రానీయదు.

పబ్లిక్ చిరునామా గల ప్రతి సర్వరును స్వయంచాలిత ప్రోగ్రాములు నిరంతరం తడిమి చూస్తూనే ఉంటాయి. డేటాబేస్‌కు అనవసరంగా పబ్లిక్ చిరునామా ఇవ్వడమంటే రైతుల ఫోను నంబర్లను, చెరువుల వివరాలను వీధిలో ఉంచడమే. సేవ విస్తరించి సర్వర్ల సంఖ్య పెరిగినపుడు కూడా వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్‌ను ఉంచి, బయటి వారికి ఒకే పేరుతో సేవలందించవచ్చును.

నిబంధనలు, భవిష్యత్తు

కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల మేరకు, క్లౌడ్ సేవలందించే సంస్థలు తమ వినియోగదారులకు కేటాయించిన ఐపీల వివరాలను ఐదేళ్ల పాటు భద్రపరచవలసి ఉంటుంది. సైబర్ దాడి జరిగినట్లు గుర్తించిన 6 గంటలలోగా సంస్థలు ఆ సమాచారాన్ని తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులు నిల్వ ఉంచాలి. చిన్న సంస్థలు సైతం ఏ చిరునామా ఏ సర్వరుకు ఇచ్చినదీ ఒక రిజిస్టరులో నమోదు చేసుకొనడం మేలు.

కొరతకు శాశ్వత పరిష్కారం 128 బిట్ల ఐపీవీ6 విధానం. దీని అమలుకు కేంద్రం 2010 జూలైలోనే ప్రణాళికను విడుదల చేసింది. ఐపీవీ4 మాత్రమే గల వినియోగదారులు ఇంకా ఉన్నందున ప్రస్తుతానికి రెండు విధానాలనూ కలిపి వాడడం శ్రేయస్కరం. అయితే ఐపీవీ6లో చిరునామాలు సమృద్ధిగా ఉన్నప్పటికీ ఫైర్‌వాల్ అవసరం ఏ మాత్రం తగ్గదు.

వెలుపలి వారికి చేరువ కావలసిన సర్వరుకు స్థిరమైన చిరునామా, మిగిలిన వాటికి ప్రైవేటు రక్షణ అనే సూత్రాన్ని పాటిస్తే ఖర్చు తగ్గుతుంది, భద్రత పెరుగుతుంది. తెల్లవారుజామున మోగవలసిన హెచ్చరిక సకాలంలో మోగి, రైతు కష్టార్జితం దక్కుతుంది.