మోజు కారుది... చిక్కు సరిహద్దుది
లైట్లు, అద్దాలు, బంపర్లు సరే... ఆర్‌సీ ఏ రాష్ట్రానిది?

బళ్లారి: సాయంత్రం ఏడు దాటాక బళ్లారి నుంచి గుంతకల్లుకు కారులో బయలుదేరితే, కారు పిచ్చి ఉన్నోళ్లు ముందు తిట్టుకునేది గుంతల్ని కాదు... ఎదుటి బండి లైట్లని. ఎన్నిసార్లు డిప్ కొట్టినా అవతలివాడు దించడు. దించినా తేడా ఉండదు. డ్రైవరు పొగరు కొంత కారణమైతే మిగతాదంతా బల్బు మహిమే. హాలోజెన్ బల్బు కోసం తయారుచేసిన డూములో ఎల్‌ఈడీ దూర్చితే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది. రోడ్డు మీద పడాల్సిన కాంతి చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. వేసుకున్నవాడికి మాత్రం అంతా తెల్లగా, భేషుగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది.

పాత పద్ధతి మోజు ఇంకొకటి. కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల బల్బు తీసేసి 100/90 పెట్టించడం. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 ఆంపియర్లు లాగే బల్బు 8 దాకా లాగుతుంది. రిలే పెట్టకపోతే స్విచ్చి, వైర్లు కాగిపోతాయి. బల్బుకు పోసిన డబ్బులో కొంత డూము మార్పించడానికి పెడితే చాలంటారు పని తెలిసిన మెకానిక్‌లు. పసుపుబారిన డూములో ఎంత పెద్ద బల్బు వేసినా వెలుగు బయటికి రాదు మరి.

పెట్టించిందల్లా చెల్లదు

గ్యారేజీలో దొరుకుతోంది కాబట్టి తప్పు లేదనుకుంటారు చాలామంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. కంపెనీ వివరాల ప్రకారం రిజిస్టరైన బండిని అందుకు విరుద్ధంగా మార్చకూడదు. రంగు మార్చుకోవచ్చు గానీ ఆర్‌సీలో రాయించాలి. గ్యాస్ కిట్ లాంటి అనుమతి ఉన్న మార్పులైనా 14 రోజుల్లోగా ఆర్టీవోకు చెప్పాలి. అదే ఏడాది సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం చట్టవిరుద్ధమైన ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మూడు మార్పులు చేయిస్తే మూడు జరిమానాలన్నమాట.

ముందు బిగించే ఇనుప గార్డుల మీద కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గార్డు ఉంటే గుద్దుకున్న దెబ్బ నేరుగా ఛాసిస్‌కు పాకుతుంది. ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాల్సిన లెక్క తప్పే ప్రమాదమూ ఉంది. బంపరు నలగకుండా కాపాడేది మనిషిని కాపాడకపోవచ్చు.

టైర్ల ముచ్చట వేరు. కంపెనీ సైజు కంటే ఎత్తు టైర్లు వేస్తే బండి చూడ్డానికి దర్జాగా ఉంటుంది. అప్పట్నుంచీ స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది. 80లో పోతున్నామనుకుంటే అసలు వేగం అంతకన్నా ఎక్కువే.

ఎండకు నలుపు

బళ్లారి ఎండలో మే నెల మధ్యాహ్నం కారు తలుపు తీస్తే పెనం ముట్టుకున్నట్టే. ఫిల్ము వేయించుకుంటామంటే తప్పేముందనే మాటలో న్యాయం ఉంది. పైగా ఇనుప ఖనిజం జోరు మీదున్న కాలంలో ఇక్కడ నల్లద్దాల బండంటే హోదా. ఆ రెంటికీ 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పుతో దెబ్బ పడింది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలన్న నిబంధన అలాగే ఉంది. 2021 ఏప్రిల్ నుంచి మారిన నియమాల ప్రకారం ఆ కొలతకు లోబడిన ఫిల్ము వేయొచ్చని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. అది కేరళ మాట. ఇక్కడ రోడ్డు మీద ఆపిన పోలీసు ఒప్పుకుంటాడా అన్నది వేరే కథ.

ఇందులో ఓ మెలిక ఉంది. 50 శాతం ఫిల్మని అమ్మినది అద్దానికి అంటించాక 50 శాతంగా మిగలదు. అద్దం ఒక్కటే నూటికి 80 వంతుల వెలుగు వదులుతోందనుకుందాం. దాని మీద ఈ ఫిల్ము వేస్తే లోపలికొచ్చేది 40 వంతులే. అంటే నిబంధన తప్పినట్టే.

అసలు తలనొప్పి

ఇవన్నీ డబ్బు పెట్టి, కాస్త బుద్ధి పెట్టి సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది నంబరు ప్లేటు. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. చుట్టరికాలు, పొలాలు మాత్రం గీత చూసి విడిపోలేదు. ఆలూరు దగ్గర పొలం, బళ్లారిలో ఇల్లు, రెంటి మధ్యా తిరిగే ఏపీ నంబరు కారు... ఇది ఇక్కడ మామూలు సంగతి.

వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలన్నది చట్టం. కర్ణాటకలో కొత్త కారుకు ధరను బట్టి 13 నుంచి 18 శాతం దాకా జీవిత పన్ను, దానిపై సెస్సు. పాత బండికి వయసును బట్టి తగ్గుతుంది గానీ మళ్లీ కట్టాల్సిందే. మొదట కట్టిన రాష్ట్రం నుంచి వాపసు కోసం ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకుని తిరగాలి.

రోజూ వచ్చిపోయే బండి 12 నెలలూ ఇక్కడే ఉందా లేదా అన్నది తేల్చేదెలా? పెట్రోలు బిల్లు చూపిస్తే లాభం లేదు. ఆంధ్రాలో కంటే కర్ణాటకలో పెట్రోలు చౌక కాబట్టి అవతలి ఊళ్లోళ్లూ ఇవతలే పోయించుకుంటారు. సర్వీసింగ్ బిల్లులు, ఫాస్టాగ్ లెక్కలు దాచుకోవడమే కొంత నయం.

2021 సెప్టెంబరులో కేంద్రం బీహెచ్ నంబరు తెచ్చింది. పన్ను రెండేళ్లకోసారి కట్టుకోవచ్చు. రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేదు. అయితే అది ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకే. బదిలీ అయ్యేవాడికి దారి దొరికింది. వారానికి నాలుగుసార్లు సరిహద్దు దాటే రైతుకు, బట్టల వ్యాపారికి దొరకలేదు. సరిహద్దు తాలూకాల వాళ్లకూ ఆ నంబరు ఇస్తే పోయేదేమిటన్నది కారు ప్రియుల ప్రశ్న. ప్రభుత్వాలకు పన్ను పోదు, విడతలుగా వస్తుందంతే. దీనికి జవాబు చెప్పాల్సింది బెంగళూరూ, అమరావతీ, ఢిల్లీ.

అప్పటిదాకా నంబరు మార్పించుకునేవాళ్లు ఓ సంగతి చూసుకోవాలి. ఫారం 28 మీద ఇచ్చే ఎన్‌వోసీలో బండి ఏ ఆర్టీవో పరిధికి వెళ్తోందో రాస్తారు. బళ్లారికి కేఏ 34, హొసపేటకు కేఏ 35. 2021లో విజయనగర జిల్లా విడిపోయాక హొసపేట అందులోకి వెళ్లింది. దరఖాస్తులోనే చిరునామా సరిచూసుకోకపోతే ఆ కాగితం కోసం మళ్లీ అనంతపురమో కర్నూలో వెళ్లి రావాల్సిందే.