సూరత్‌కు కోట కట్టిన రూమీ సేనాని

సూరత్ నగరంలో చౌక్ బజారు పక్కన, తాపీ నది ఒడ్డున ఉన్న పాత కోట, మగ్గాల పని వెతుక్కుంటూ వెళ్లి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన తెలుగువారికి కొత్తది కాకపోయినా, దాని వెనుక ఉన్న సేనాని జీవితం గురించి తెలుగులో వచ్చిన రచనలు బహు తక్కువ. ఆయన పేరు ఖ్వాజా సఫర్. గుజరాత్ సుల్తానులు ఆయనకిచ్చిన బిరుదు ఖుదావంద్ ఖాన్, అంటే ప్రభువు అని అర్థం. కోట కట్టినవాడి పేరును కొన్ని పాత గ్రంథాలు సఫీ ఆగా అని పేర్కొన్నా, బిరుదు ఒకటే కావడం వల్ల ఆ ఇద్దరూ ఒకరేనని చాలామంది చరిత్రకారులు భావిస్తారు.

పుట్టుక చేత ఆయన ఈ దేశస్థుడు కాడు. దక్షిణ ఇటలీ ప్రాంతంలో పుట్టి, తర్వాత తురుష్కుల కొలువులో చేరాడని పోర్చుగీసు చరిత్రకారులు రాశారు. ఉస్మానియా సామ్రాజ్యం నుంచి వచ్చినవారిని ఆ రోజుల్లో రూమీలనేవారు. ఫిరంగులు పోతపోయడంలో, గురి చూసి పేల్చడంలో రూమీలకు సాటి లేదని పేరుండడంతో పశ్చిమ తీరపు రాజులు వారికి పెద్ద జీతాలు, జాగీర్లు (కొలువుకు ప్రతిఫలంగా శిస్తు వసూలు హక్కుతో ఇచ్చే భూములు) ఇచ్చి నిలుపుకొనేవారు. 1531లో ముస్తఫా అనే రూమీ నాయకుడితో కలిసి ఖ్వాజా సఫర్ దీవు రేవు చేరిన కొద్ది రోజులకే, తెలుగువారు పూర్వం బుడతకీచులని పిలిచిన పోర్చుగీసువారు పెద్ద నౌకాదళంతో ఆ దీవి మీద పడ్డారు. రూమీల ఫిరంగుల ధాటికి వారు వెనుదిరగవలసి వచ్చింది. సుల్తాను బహదూర్ షా ముస్తఫాకు రూమీ ఖాన్ బిరుదిచ్చి గౌరవించినా, 1535లో హుమాయూన్ దండెత్తి వచ్చినప్పుడు అతడు మొగలుల పక్షం చేరిపోయాడు. ఖ్వాజా సఫర్ మాత్రం సుల్తానును విడవలేదు.

హుమాయూన్ భయంతోనే బహదూర్ షా దీవులో కోట కట్టుకొనేందుకు పోర్చుగీసువారికి అనుమతిచ్చాడు. ఆ నిర్ణయమే అతని ప్రాణం తీసింది. 1537 ఫిబ్రవరిలో వారి ఓడకు వెళ్లి తిరిగి వస్తుండగా జరిగిన ఘర్షణలో సుల్తాను సముద్రంలో మరణించగా, వెంట ఉన్న ఖ్వాజా సఫర్ గాయాలతో బయటపడ్డాడు. కొంతకాలం పోర్చుగీసువారితో సఖ్యంగానే మెలిగినా, 1538లో దీవు నుంచి తప్పించుకొని కొత్త సుల్తాను పక్షాన చేరి, దీవు ముట్టడిలో ముందు నిలిచాడు. ఈజిప్టు నుంచి సులేమాన్ పాషా నడిపించుకు వచ్చిన ఉస్మానియా నౌకాదళం తోడైంది గాని, దారిలో ఏడెన్ పాలకుణ్ణి పాషా ఉరితీయించాడన్న వార్త విన్న గుజరాత్ అమీర్లు రేపు తమ గతీ అంతేనని అనుమానించి సహకారం తగ్గించడంతో ముట్టడి విఫలమైంది. పాషా వదిలి వెళ్లిన ఫిరంగుల్లో 1531లో ఈజిప్టులో పోసిన ‘నీలం’ ఈనాటికీ జునాగఢ్ ఉపర్‌కోటలో ఉంది.

ఖ్వాజా సఫర్ రాజనీతి అసలు కనిపించేది యుద్ధంలో కాదు, సూరత్ నిర్మాణంలో. ఆ రేవు పట్టణాన్ని పోర్చుగీసువారు 1512లో ఒకసారి తగలబెట్టారు. 1530లో ఆంతోనియో ద సిల్వేరా నదిలో ఎగువకు వచ్చి మళ్లీ కాల్చాడు. 1538లో దీవు కోటను నిలబెట్టుకొన్నవాడూ ఆ సిల్వేరాయే. నడిసముద్రంలో వారిని ఓడించడం గుజరాత్‌కు సాధ్యం కాదని, ఓడలు వచ్చి సరుకు దించుకొనే నదీతీరాన్ని కాపాడుకోవడమే మార్గమని గ్రహించడం ఖ్వాజా సఫర్ గొప్పతనం. బాలుడైన ఆ కొత్త సుల్తాను మూడవ మహ్మూద్ షా ఆజ్ఞతో ఆయన ఆధ్వర్యంలో సాగిన కోట 1546 నాటికి పూర్తయింది. నేల వైపు లోతైన కందకం తవ్వించారు. గోడ రాళ్లను ఇనుప బందులతో ఒకదానికొకటి బిగించి, సందుల్లో కరిగించిన సీసం పోయించారు. ఫిరంగి గుండు తగిలినా రాయి కదలకుండా ఉండేందుకే అంత శ్రద్ధ. బలప్రయోగంతో పని ఆపలేకపోయిన పోర్చుగీసువారు, గోడల మీద తమ దేశపు పద్ధతిలో లేస్తున్న చౌఖండీని, అంటే కప్పుతో ఉన్న కాపలా మండపాన్ని కట్టకుండా మానితే పెద్ద మొత్తం ఇస్తామన్నారని, ఆయన ఆ సొమ్ము కాదని దాన్ని కట్టి తీరాడని మొగలు చరిత్రకారులు రాశారు. ఆ ఒక్క తిరస్కారం ఆయన స్వభావాన్ని ఏ విజయగాథకన్నా బాగా చెబుతుంది.

కోట పూర్తయిన ఏడాదే ఆయన తిరిగి దీవును ముట్టడించి, 1546 జూన్ 24న ఫిరంగి గుండు తలకు తగిలి మరణించాడు. రూమీ ఖాన్ బిరుదు పొందిన కుమారుడు ముట్టడి కొనసాగించాడు. ఆగస్టులో బురుజు కింద పేల్చిన మందుపాతరకు పోర్చుగీసు గవర్నరు జువావ్ ద కాస్ట్రో కొడుకు బలయ్యాడు. నవంబరులో గవర్నరే స్వయంగా వచ్చి గెలిచిన పోరులో రూమీ ఖాన్ కూడా నేలకొరిగాడు. శిథిలమైన దీవు కోటను తిరిగి కట్టేందుకు డబ్బు లేక, తన గడ్డపు వెంట్రుకలు తాకట్టుగా పంపి గోవా పౌరులను అప్పడిగిన ఆ గవర్నరే 1547లో విజయనగరంతో గుర్రాల వ్యాపార ఒప్పందం చేసుకొన్నాడు.

దీవు చేజారినా సూరత్ కోట నిలిచింది. 1573లో అక్బరు స్వయంగా ముట్టడించినప్పుడు ఆ గోడలు నెలన్నర పాటు మొగలు సేనను ఆపాయి. లొంగిన కోటలో కనిపించిన సులేమానీ ఫిరంగులను ఆగ్రాకు తరలించమని చక్రవర్తి ఆజ్ఞాపించాడు. ఆ కోటను సూరత్ నగరపాలక సంస్థ పునరుద్ధరించి మ్యూజియంగా తీర్చిదిద్దగా, ఖ్వాజా సఫర్ సులేమానీ పేరుతోనే ఉన్న సమాధి అదే నగరంలో భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది.