పొరుగువాని మాట, కెనడావారి వోటు

కెనడా దేశమున 2025 ఏప్రిలు 28వ తేదీన జరిగిన సాధారణ ఎన్నికలలో అందరికంటె బిగ్గరగా మాటలాడినవానికి ఆ దేశమున వోటు లేదు. అతడు సంయుక్త రాష్ట్రముల అధ్యక్షుడగు డొనాల్డు ట్రంపు. కెనడా తమకు 51వ రాష్ట్రము కావలెనని అతడు పలుమారులు పలికెను. మార్చి నెలలో కెనడా సరకులపై నూటికి 25 వంతుల సుంకము విధించెను. సంవత్సరారంభమున ఓటమి తప్పదని యెల్లరు నెంచిన లిబరలు కక్షి, మార్కు కార్నీ నాయకత్వమున 343 స్థానములలో 169 గెలిచి ప్రభుత్వమును నిలుపుకొన్నది. ప్రతిపక్ష నాయకుడగు పియేరు పొయిలివ్రు తన స్వంత స్థానమునే కోల్పోయెను. దీనిని పలువురు ట్రంపువలన గలిగిన వింతగా నెంచుచున్నారు. మేమట్లు తలపము. పొరుగుదేశమే ప్రధాన ప్రశ్నయైన యెన్నిక కెనడావారికి ఇది నాల్గవది.

పొరుగువానితో వ్యాపారమునకు తలుపు తీయవలెనా, మూయవలెనా యను వాదము ఆ దేశముకంటె పాతది. 1854లో అచ్చటి బ్రిటిషు వలసలకును సంయుక్త రాష్ట్రములకును ధాన్యము, చేపలు, కలప మున్నగువానిని సుంకము లేక ఇచ్చిపుచ్చుకొనుటకు ఒడంబడిక జరిగెను. పండ్రెండేండ్లు సాగిన పిదప 1866లో దానిని రద్దుపరచినవారు అమెరికావారే. మరుసటి యేడు కెనడా సమాఖ్య యేర్పడినది. 1879లో ప్రధానమంత్రి జాను మక్డొనాల్డు రక్షణ సుంకములను గోడగా గట్టి, దాని చాటున తూర్పు రాష్ట్రములలో కర్మాగారములను పెంచెను. 1891లో లిబరలులు ఆ గోడను దింపెదమనిరి. వృద్ధుడగు మక్డొనాల్డు తాను బ్రిటిషు ప్రజగా పుట్టితిననియు, అట్లే మరణింతుననియు చాటి గెలిచెను. మూడు మాసములకే మరణించెను.

ఆ గోడకు వెల యిచ్చినవాడు పడమటి మైదానముల గోధుమ రైతు. అతనికి నాగలి, కోతయంత్రము కావలసినచో ఆంటేరియో కర్మాగారమువాడు సుంకము చాటున చెప్పిన ధరకే కొనవలెను. పండించిన గోధుమను మాత్రము ఏ రక్షణయు లేక ప్రపంచపు ధరకే అమ్మవలెను. సరిహద్దు కావల మిన్నియాపొలిసు విపణి దగ్గరలోనే యున్నను, నడుమ సుంకపు చావడి. 1910 డిసెంబరులో ఇట్టి రైతులు ఎనిమిది వందలకు పైగా రైలెక్కి రాజధానియగు ఒట్టావాకు బోయి, శాసనసభలోనే తమ మొర వినిపించిరి. అప్పటికి పదునాలుగేండ్లుగా ప్రధానిగానున్న సర్ విల్‌ఫ్రెడ్ లోరియే ఆ మొర నాలకించెను.

1911 జనవరి 26వ తేదీన ఆయన మంత్రి ఫీల్డింగు ఒట్టావా సభలో అమెరికాతో కుదిరిన యేర్పాటును ప్రకటించెను. గోధుమలు, పశువులు, చేపలు, పండ్లు ఇరుప్రక్కల సుంకము లేక సాగవలెను. వ్యవసాయ యంత్రములపై సుంకము తగ్గవలెను. ప్రతిపక్షమగు కన్సర్వేటివులకు మొదట నోటమాట రాలేదు. రైతు కోరినదే రైతుకు దక్కినప్పుడు ఎవడేమని కాదనగలడు? వారి కష్టమును తీర్చినవాడు అమెరికా ప్రతినిధిసభలో కూర్చుండి యుండెను. త్వరలో సభాధ్యక్షుడు కానున్న చాంపు క్లార్కు, బ్రిటిషువారి ఉత్తర అమెరికా భూమిలో ప్రతి చదరపుటడుగు మీదను, ధ్రువము వరకు, తమ జెండా యెగురు దినము రావలెనని ఫిబ్రవరిలో సభాముఖముననే పలికెను. అధ్యక్షుడగు టాఫ్టు కెనడా దారులు చీలుచోట నిలిచియున్నదని చెప్పి, మండుచున్నదానిపై మరికొంత నేయి పోసెను.

ఇంక గోధుమ ధర నడుగువాడు లేకపోయెను. టొరాంటో నగరపు బ్యాంకులవారు, వ్యాపారులు, లిబరలులే పదునెనమండుగురు ఒక ప్రకటనపై సంతకములు చేసి తమ కక్షిని విడనాడిరి. లోరియే పూర్వపు మంత్రి క్లిఫర్డు సిఫ్టను సైతము ఎదురు తిరిగెను. కర్మాగారాధిపతులు తమ లాభమును దేశభక్తి గుడ్డలో మూటగట్టి పంచిరి. క్విబెకులో నౌకాదళమును గూర్చిన వేరొక తగవు లోరియేకు వెనుకపోటయ్యెను. సెప్టెంబరు 21న ఎన్నిక జరిగెను. మొత్తము వోట్లలో తేడా స్వల్పమే. కాని 86 స్థానముల ఆంటేరియోలో కన్సర్వేటివులు 70కి పైగా గైకొనిరి, లోరియే పడిపోయెను. ఆల్బర్టా, సస్కచ్వాను రైతులు లిబరలులకే వోటిచ్చి, ఓడిన పక్షమున మిగిలిరి.

కర్మాగారమువారి భయమంతయు నటనయేయని తేల్చుట కూడదు. టాఫ్టు ఆ జనవరిలోనే థియొడోరు రూజువెల్టునకు వ్రాసిన జాబు 1912లో వెల్లడియయ్యెను. ఈ ఒడంబడికవలన కెనడా తమకు అనుబంధముగా మారునని అతడు అందులో వ్రాసియుండెను. కావున స్వార్థపరుడు చెప్పినను మాట నిజమే. రైతు మొరయు నిజమే. ఆ రెండవ నిజము తీరక నిలిచి, 1921లో రైతుల అభ్యర్థులు ప్రొగ్రెసివులను పేర 60 ప్రాంతమున స్థానములు గెలిచి, లిబరలుల తరువాత పెద్దకక్షియైరి.

1988లో పాత్రలు తారుమారైనవి. ఈ మారు స్వేచ్ఛావాణిజ్యపు టొడంబడికను తెచ్చినవాడు కన్సర్వేటివు ప్రధాని బ్రయను మల్రోనీ. దేశమునమ్మినాడని గర్జించినవాడు లిబరలు నాయకుడు జాను టర్నరు. తాతలు పలికిన పలుకులను మనుమలు అటునిటు మార్చుకొనిరి. ఒడంబడికను వ్యతిరేకించిన కక్షులకే సగమునకు మించిన వోట్లు వచ్చినను, అవి రెండుగా చీలుటచేత మల్రోనీ 295లో 169 స్థానములు గెలిచెను. (కార్నీకి వచ్చిన సంఖ్యయు నదియే.) 1989 జనవరి 1న ఒడంబడిక యమలులోనికి వచ్చెను, 1994లో మెక్సికోయు చేరినది, 2020లో ట్రంపు మొదటి పాలనలోనే దానిని మార్చి వ్రాసికొనిరి. తాను చేసిన ఆ యొడంబడిక నిలిచియుండగనే 2025లో అతడు సుంకములు విధించెను.

మా దృష్టిలో ముఖ్యమైన సంగతి యిదియే. ఎగుమతులలో నాలుగింట మూడు వంతులు ఒక్క పొరుగునకే పంపు దేశమునకు, సుంకమెంత యనుదానికంటె, ఇచ్చిన మాట ఎన్నాళ్లుండుననునది పెద్ద ప్రశ్న. 2025 ఆగస్టు 27 మొదలు మన సరకులపై అమెరికాలో నూటికి 50 వంతులు పడినప్పుడు మన తీర మండలములలో రొయ్యల చెరువులవారికి ఈ ప్రశ్న బోధపడియుండును. కెనడా వోటరు 1911లోను 2025లోను లెక్కలు మరచి రోషమునకు లోబడినాడని పండితులందురు. 1866ను చూచినవాడు 1911లో శంకించుట లెక్క తెలియకపోవుటయా?

వాదము పొరుగింటిలోనికి తీసికొనిపోయిన తీరు మాత్రము ఈ మారు కొత్తది. ఆంటేరియో ప్రధాని డగ్లసు ఫోర్డు ప్రభుత్వము 2025 అక్టోబరులో అమెరికా టెలివిజనులోనే ఒక ప్రకటన వేయించెను. అందులో మాటలాడినది రొనాల్డు రీగను. రక్షణ సుంకముల కీడును గూర్చి ఆయన 1987లో చేసిన రేడియో ప్రసంగపు తునుకలవి. ట్రంపు కోపించి, కెనడాతో వాణిజ్యపు సంప్రతింపులన్నిటిని తెగద్రెంచితినని 23వ తేదీన ప్రకటించెను. పొరుగువాడు మన యెన్నికలలో మాటలాడవచ్చునట. అతని తాతముత్తాతల మాటను అతని వాకిట వినిపింపరాదట!

రైతు సంగతి యేమైనది? ఈ మారు రైతులలోనే రెండు దారులున్నవి. క్విబెకు, ఆంటేరియోల పాడిరైతులు కోటాలు, సుంకముల నడుమ నిలకడ ధర ననుభవించుచున్నవారు. వారి రక్షణను ఏ సంప్రతింపులలోను వదలరాదని 2025 జూనులో శాసనమే చేసిరి. పడమటి రైతునకు అట్టి శాసనమేదియు లేదు. 2024 అక్టోబరులో కెనడా, అమెరికా నడచిన త్రోవనే నడచి, చైనా విద్యుత్కార్లపై నూటికి 100 వంతులు విధించెను. చైనా 2025 మార్చిలో కెనడా కెనోలా నూనెపైనను, తెలికపిండిపైనను, బఠాణీలపైనను అంతే విధించెను. ఆగస్టులో ఆవజాతి గింజయగు కెనోలాపై కూడ భారము మోపెను. ఆంటేరియో కార్ల కర్మాగారములకు కాపుగా వేసిన సుంకమునకు సస్కచ్వాను కెనోలా రైతు వెల చెల్లించెను. ఆ రాష్ట్రమువారు ఏప్రిలు ఎన్నికలలో దాదాపు అన్ని స్థానములను కన్సర్వేటివుల కిచ్చి, మరల ఓడిన పక్షముననే యుండిరి.