రెక్కలు కోయంబత్తూరువి, ఇంజను అమెరికాది

కోయంబత్తూరునకు ఉత్తరమున రంగనాథుని కోవెలగల కారమడై యున్నది. ఆ సీమయందు విజయనగర, నాయకరాజుల కాలమున వలసవచ్చిన తెలుగు కుటుంబములు ఇంట తెలుగును, బజారున అరవమును మాటలాడుచు సేద్యము చేయుచున్నవి. లోతుబావుల మెట్టనేల యగుటచే, యంత్రము కొనువాడు ఏమి యడుగవలయునో వీరి కొకరు చెప్పనక్కరలేదు. పంపు ఎంత నీరు తోడుననునది మొదటి ప్రశ్న. చెడినపుడు దానిని బాగుచేయువా డెవడనునది అసలు ప్రశ్న. ఈ సీమ తెలుగుబిడ్డలగు జి. డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుగార్లు 1937లో విద్యుత్ మోటారును ఇచటనే తయారుచేసిరి.

నగరమునకు తూర్పుననున్న సూలూరు వైమానిక స్థావరమున ఆ అసలు ప్రశ్నయే వేలకోట్ల రూపాయలపై వచ్చి నిలిచినది. అచటికి 2018లో 45వ దళము తేజస్ విమానములతో వచ్చెను. 2020 మే నెలలో 18వ దళమును తేజస్‌తో అచటనే పునరుద్ధరించిరి. 1971లో శ్రీనగరముపై పోరాడి అసువులు బాసిన సేఖోన్ ఈ దళమువాడే. ఆయన నడపిన నాట్ విమానమును రూపొందించినవారు ఆంగ్లేయులు. ఆ నాట్ ఇంజను జాతిదే 1961లో ఎగిరిన మన మారుత్‌నకును దిక్కయ్యెను. జర్మను శిల్పి కుర్ట్ టాంక్ దానికి చక్కని దేహమునిచ్చెను గాని, తగిన ఇంజను నెవరు నీయలేదు.

తేజస్ మార్క్-1ఏ కథయు నిట్టిదే. రెక్కలు కోయంబత్తూరున తయారగుచున్నవి. నడిమి దేహము హైదరాబాదునుండి పోవుచున్నది. ఇంజను మాత్రము అమెరికాది. 2021 ఫిబ్రవరిలో 83 విమానములకు ఒప్పందము కుదిరెను. ఆగస్టులో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు 99 ఇంజనులకై 71 కోట్ల 60 లక్షల డాలర్ల ఉత్తరువు వెళ్ళెను. 2024 మార్చికే తొలి విమానము అందవలసియుండగా, తొలి ఇంజనే 2025 మార్చికి గాని రాలేదు. తప్పంతయు అమెరికనులపై మోపుట న్యాయము కాదు. మన మునుపటి 65 ఇంజనులను 2016 నాటికి ఇచ్చివేసి, క్రొత్త ఉత్తరువు లేమిచే వారు ఆ తయారీవరుసనే మూసివేసిరి. చిల్లర బేరగానికొరకు ఏండ్లతరబడి దుకాణము తెరచియుంచు వర్తకు డెచటనైన గలడా? 2025 సెప్టెంబరులో మిగ్-21లు వీడ్కోలు గొనగా, 42 దళము లుండవలసిన వాయుసేనకు 29 మిగిలినవి. ఆలస్యమునకు నష్టపరిహారము వ్రాసికొనవచ్చును. ఆ పరిహారము గగనమున కాపలా కాయదు.

ఫ్రెంచివారితో బేరము మరియొక పాఠము. 2007లో 126 విమానములకు టెండర్లు పిలిచి, ఆరింటిని పరీక్షించి, 2012లో రఫేల్‌ను ఎంచిరి. తుదకు 2016లో కొనినవి 36. ప్రభుత్వపు పూచీకత్తు నడుగగా ఫ్రాన్సు ఆశ్వాసపత్రము నిచ్చెను. ఈ రెంటి భేదము మా వృత్తివారికి బాగుగా దెలియును: మొదటిదానిపై దావా వేయవచ్చును, రెండవదానిని చట్రము కట్టించి గోడకు తగిలింపవచ్చును. 1998లో పోఖ్రాన్ పరీక్షల పిమ్మట అమెరికా ఆంక్షలు విధింపగా, అచట తేజస్ పని చేయుచున్న మన ఇంజనీర్లు తిరిగిరావలసివచ్చెను. ఒప్పందములోని ఏ షరతును అపుడు వారి నాదుకొనలేదు.

అమ్మకందారులను పెంచిన భద్రత కలుగునని కొందరందురు. కొంతవరకు నిజమే. కాని సుఖోయ్, మిగ్-29, మిరాజ్, జాగ్వార్, రఫేల్, తేజస్ అని ఆరు జాతులను పోషించు ఇల్లాలి కష్టము భాండాగారపు అధికారుల నడుగవలెను.

కావున విమానమెవరిదని గాక, ఇంజను లోపలి విద్య నెవరిత్తురని బేరమాడవలయును. లోహము కరగు వేడిని మించిన వాయువునందు తిరుగు రేకులను ఏకస్ఫటికముగా పోతపోయుటయే ఆ విద్యలోని కష్టమైన భాగము. హైదరాబాదునందలి రక్షణ లోహ పరిశోధనాలయము అట్టి రేకులను హెలికాప్టరు ఇంజనుకొరకు చేసి, 2021లో 60 హిందూస్థాన్ కర్మాగారమున కిచ్చెను. రఫేల్ దేహభాగములను హైదరాబాదున చేయుటకు 2025 జూనులో దసో, టాటా సంస్థలు ఒడంబడినవి; సంతోషమే. కాని తరువాతి బేరమున మన ప్రతినిధులు మొదట అడుగవలసినది దేహమును గూర్చి కాదు, ఆ రేకులు ఎచట పోతపోయబడునని.