పట్టాలపై ఉదజని: జర్మనీ నేర్చిన పాఠము

జర్మనీ ఉత్తరభాగమున, ఎల్బే నది సముద్రమున కలియు తావునకు చేరువగ, కుక్స్‌హాఫెన్ రేవు మొదలుకొని బ్రెమర్‌ఫోర్డె మీదుగ బుక్స్‌టెహూడె వఱకు సుమారు 100 కిలోమీటర్ల పొడవున రైలుమార్గ మొకటి కలదు. మహానగరములను కలుపు మార్గము కాకపోవుటచే దానిపై విద్యుత్తీగలు వేయబడలేదు. డీజిలు బండ్లే దశాబ్దములపాటు తిరుగుచుండెను. ఆ మార్గముననే 2018 సెప్టెంబరులో, పొగకు బదులు నీటియావిరిని వెలువరించుచు, ఉదజనితో నడచు రైళ్లు రెండు ప్రపంచమున మొదటిసారిగ ప్రయాణికుల నిత్యసేవకు పూనుకొనెను. 2022 ఆగస్టు నుండి, 9 కోట్ల 30 లక్షల యూరోల వ్యయముతో, 14 రైళ్ల సమూహము డీజిలు బండ్ల స్థానము నాక్రమింప నారంభించెను. అయినను, అటుపిమ్మట కొలది సంవత్సరములలో ఆ దేశమున జరిగిన దానిని పరిశీలించినచో, ఈ యింధనమునకు ఎచ్చట చోటు గలదో, ఎచ్చట లేదో, ప్రయోగశాల చెప్పలేని సమాధానమును రైలుపట్టాలును లెక్కల పుస్తకములును కలిసి చెప్పుచున్నవని తోచును.

ఈ రైళ్లకు ప్రాణము ఇంధన ఘటము. ఉదజనిని మండింపకయే అందలి శక్తిని నేరుగ విద్యుత్తుగ మార్చు ఈ సాధనము క్రొత్తది కాదు. వేల్సు దేశీయుడైన విలియమ్ గ్రోవ్, జర్మనీలో జన్మించి బాసెల్ నగరమున ఆచార్యత్వము నెరపిన షోన్‌బైన్, 1839 ప్రాంతముననే దీని మూలసూత్రమును గుర్తించిరి. ఘటమునందు రెండు ధ్రువములును, వాని నడుమ పలుచని పొరయు ఉండును. ఒక ధ్రువమును చేరిన ఉదజని, ప్లాటినము ఉత్ప్రేరకముగ పనిచేయగా, ప్రోటానులుగను ఎలక్ట్రానులుగను విడిపోవును. ప్రోటానులు పొరను దాటిపోవును. ఆ దారి మూతపడిన ఎలక్ట్రానులు వెలుపలి తీగవెంట చుట్టుతిరిగి పోవుచు, ఆ పోకలోనే మోటారును త్రిప్పును. ఆవలి ధ్రువమున ఈ రెండును గాలిలోని ఆమ్లజనితో కూడి నీరగును. ఒక్క ఘటము నుండి లభించునది ఒక వోల్టునకు లోపే గావున, వందలకొలది ఘటములను దొంతిగ పేర్చుదురు.

ఆల్‌స్టామ్ సంస్థ జాల్ట్స్‌గిట్టర్ కర్మాగారమున నిర్మించిన ఈ ‘ఐలింట్’ రైలునకు ఘటములును ఉదజని తొట్లును పైకప్పుమీదను, లిథియము బ్యాటరీ అడుగుభాగముననుండును. బ్రేకు వేసినపుడు వృథాగ పోవలసిన శక్తిని ఆ బ్యాటరీ దాచుకొని, బండి మరల వేగ మందుకొనునపుడు తిరిగి యిచ్చును. గంటకు 140 కిలోమీటర్ల వేగమునకు చాలిన ఈ రైలు, 2022 సెప్టెంబరులో ఒకసారి నింపిన ఇంధనముతోనే 1,175 కిలోమీటర్లు నడచెను.

ఇంతటి శక్తి గల వాయువు సర్వత్ర వ్యాపింపకుండుటకు కారణము దాని స్వభావముననే యున్నది. ఒక కిలో ఉదజనిలో 33 యూనిట్ల శక్తి, అనగా కిలో డీజిలులో నున్న దానికి రెండున్నర రెట్లకు పైగ, నిక్షిప్తమై యుండును. కాని సాధారణ పీడనమున ఆ ఒక్క కిలోయే 11 ఘనమీటర్లకు మించిన చోటు నాక్రమించును. కావున రైళ్లలోను బస్సులలోను 350 రెట్లు, కార్లలో 700 రెట్లు వాతావరణ పీడనమునకు దానిని అదిమి నింపవలయును; ద్రవముగ మార్చుటకు సున్నకు దిగువ 253 డిగ్రీల వఱకు చల్లార్చవలయును. అదియును గాక, ఉదజని భూమినుండి బొగ్గువలె విస్తారముగ త్రవ్వి తీయు వస్తువు కాదు. ప్రపంచమున నేడు లభించు దానిలో అధికభాగము సహజవాయువు, బొగ్గుల నుండియే వచ్చుచు, బొగ్గుపులుసు వాయువును వెంటబెట్టుకొని వచ్చుచున్నది. స్వచ్ఛమైన ఉదజని కావలయునన్న, గాలిమరల విద్యుత్తుతో నీటిని విశ్లేషింపవలయును. ఇందులకు కిలోకు 50 యూనిట్లకు పైగ వెచ్చమగును. అదుముటకు మఱికొంత పోగా, ఘటము తనకు దక్కినదానిలో సగమునకు కొంచె మెక్కువను మాత్రమే విద్యుత్తుగ మరలించును. ఇట్లు గాలిమర యొద్ద బయలుదేరిన 100 యూనిట్లలో చక్రమును చేరునవి 30 ప్రాంతము; అదే విద్యుత్తును బ్యాటరీలో నింపినచో 70కి పైగ చేరును.

ఈ లెక్కయే పిదప నిర్ణయములను శాసించెను. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రము 2022లో తన మార్గములను పరిశీలింపజేసి, ఉదజని కంటె బ్యాటరీయు విద్యుత్తీగలును చవుకయని తేల్చుకొనెను. తొలి రైళ్లను నడిపిన లోయర్ సాక్సనీయే 2023లో, ఇకపై డీజిలుకు బదులు బ్యాటరీ రైళ్లనే కొందుమని ప్రకటించెను; ఘటముల కొఱతచే 2025 నాటికి అచ్చటి ఉదజని రైళ్లలో అనేకము మూలబడెను. 27 రైళ్లను నడపవలెనను లక్ష్యముతో 2022 డిసెంబరున ఫ్రాంక్‌ఫర్ట్ సమీపమున ఆరంభమైన సేవయు ఆలస్యములతోను అవాంతరములతోను సతమతమయ్యెను. అయినను ప్రయత్నము ఆగిపోలేదు: బెర్లిన్ ఉత్తరమున హైడెక్రౌట్ మార్గముమీద 2024 డిసెంబరు నుండి జీమెన్స్ సంస్థ నిర్మించిన ఉదజని రైళ్లు తిరుగుచున్నవి.

రోడ్డుమీదను ఇట్టి విభజనయే కానవచ్చును. కార్ల కొఱకు దేశమంతట ఉదజని బంకులు నెలకొల్పిరి గాని, కార్లు తగినన్ని రాకపోవుటచే, నిర్వాహకులు చిన్న బంకులను మూసి, లారీలకును బస్సులకును తగిన పెద్ద బంకుల వైపు మొగ్గిరి. వుప్పర్టాల్ నగరమున చెత్తను కాల్చి పుట్టించిన విద్యుత్తుతోనే ఉదజనిని తయారుచేసి నగర బస్సులకు నింపుచున్నారు. డైమ్లర్ సంస్థ ప్రయోగాత్మకమైన లారీ యొకటి 2023లో ద్రవ ఉదజనితో, మధ్య నెచ్చటను నింపకయే, 1,047 కిలోమీటర్లు నడచెను.

2030 నాటికి 5 గిగావాట్ల విద్యుద్విశ్లేషణ సామర్థ్యము సాధింపవలెనని 2020లో నిశ్చయించి, 2023లో ఆ లక్ష్యమును రెట్టింపు చేసిన జర్మనీకి స్వచ్ఛమైన ఉదజని ఇంకను అరుదైన సరుకే. ఉక్కు కొలుములును రసాయన కర్మాగారములును దానికై కాచుకొని యున్నవి. వానికి ఇతర మార్గములు తక్కువ. కనుక తీగ వేయ వీలైనచోట తీగను, బ్యాటరీ చాలినచోట బ్యాటరీని వాడి, దూరమును బరువును రెండును మిక్కుటమైనచోటనే ఉదజనిని వెచ్చించుట వివేకము.