తినేది బిడ్డ, నోరు తెరిచేది అమ్మ

పసివాడికి పప్పన్నం పెడుతున్న తల్లిని ఎప్పుడైనా గమనించారా? ముద్ద వాడి పెదాల దగ్గరికి చేరేసరికి ఆమె నోరు కూడా తెరుచుకుంటుంది. వాడు మింగితే ఆమె గుటక వేస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలియను కూడా తెలియదు.

దీనికి మెదడులో మూలం ఉందేమో అన్న ఊహ ఇటలీలోని పార్మాలో మొదలైంది. 1990ల తొలినాళ్లలో జియాకోమో రిజోలాటి బృందం మకాక్ కోతుల మెదడులోకి సన్నటి ఎలక్ట్రోడ్లు దించి, చేతి కదలికలను సిద్ధం చేసే 'ఎఫ్5' అనే చోట కణాలను పరీక్షిస్తోంది. కోతి తిండి తీసుకున్నప్పుడు స్పందించిన కణాల్లో కొన్ని, ఎదుట ఉన్న మనిషి తీసుకున్నప్పుడూ స్పందించాయి. తిండిని ఊరికే చూపిస్తే ఉలుకూ పలుకూ లేదు. 1996లో ప్రచురించిన లెక్క ప్రకారం 532 కణాల్లో 92 ఇలాంటివి. వాటికి మిర్రర్ న్యూరాన్లని పేరు పెట్టారు.

ఇక ఊహలకు రెక్కలొచ్చాయి. జీవశాస్త్రానికి డీఎన్ఏ ఎంతో మనస్తత్వశాస్త్రానికి ఇవి అంత అని 2000లో వి.ఎస్. రామచంద్రన్ రాశారు. అనుకరణ, భాష, జాలి, దయ అన్నీ వీటి చలవే అన్నంత దూరం వెళ్లింది వ్యవహారం. నాకైతే ఇక్కడే ఒక చిక్కు కనిపిస్తుంది. మనం కోతిని అనుకరణకు మారుపేరుగా వాడతాం గానీ, మకాక్‌లు చూసిన పనిని చూసినట్టు చేయడంలో చాలా వెనకబడి ఉంటాయి. కణాలున్నా విద్య లేదన్నమాట!

బ్రిటన్ శాస్త్రవేత్త సిసిలియా హేస్ దీన్ని తిరగేసి చెబుతారు: ఈ కణాలు పుట్టుకతో అలా ఉండవు, అలవాటుతో తయారవుతాయి. బిడ్డ తన చేయి కదుపుతూ దాన్నే చూస్తుంటాడు. వాడు నవ్వితే అమ్మా నవ్వుతుంది. చేయడం, చూడడం పదేపదే కలిసి జరిగి ముడిపడతాయి. 2005లో లండన్‌లో జరిగిన ఒక పరిశోధన ఈ మాటకు బలమిస్తుంది. బాలే కళాకారులకూ, బ్రెజిల్ కపోయిరా కళాకారులకూ రెండు రకాల వీడియోలూ చూపిస్తే, ఎవరు నేర్చిన విద్యకు వారి మెదడు ఎక్కువగా స్పందించింది.

మనుషుల్లో విడి కణాల సాక్ష్యం 2010లో దొరికింది. మూర్ఛ చికిత్స కోసం అప్పటికే ఎలక్ట్రోడ్లు అమర్చిన 21 మంది మెదళ్లలో అలాంటి కణాలు కనిపించాయి.

సహానుభూతి కథ వేరు. 2004లో తానియా సింగర్ బృందం 16 మంది స్త్రీలను స్కానర్‌లో పడుకోబెట్టి, పక్కనే ఉన్న వారి జీవన సహచరుల చేతికి చిన్న కరెంటు షాకులిచ్చింది. తమకు నొప్పి కలిగినప్పుడు బాధను మోసే ఇన్సులా, సింగ్యులేట్ భాగాలు ఆ స్త్రీల మెదడులో అప్పుడూ చురుకయ్యాయి. నొప్పి చేతిలో ఏ చోట, ఎంత అని లెక్కగట్టే భాగం మాత్రం కదల్లేదు.